టపాలో కుదిరిన పాటలు

2003 ఆగస్టులో అమెరికా తపాలా శాఖ నుంచి ఒక కుర్ర బ్యాండ్‌కు లీగల్ నోటీసు వచ్చింది. ‘ద పోస్టల్ సర్వీస్’ అన్న పేరు మాది, మా పేరుతో మీరు పాటలు అమ్ముకోవడం ఇక ఆపాలి అని దాని సారాంశం. బ్యాండ్ అంటే ప్రధానంగా ఇద్దరు. బెన్ గిబ్బర్డ్ సియాటిల్‌లో ఉండేవాడు, జిమ్మీ టాంబరెల్లో లాస్ ఏంజెలెస్‌లో. వాళ్ల తొలి ఆల్బమ్ ‘గివ్ అప్’ ఆ ఫిబ్రవరిలోనే సియాటిల్‌లోని సబ్ పాప్ అనే స్వతంత్ర కంపెనీ నుంచి బయటికొచ్చింది. ఆ పేరు వాళ్లు ఊరికే పెట్టుకోలేదు. అందులోని పది పాటలూ నిజంగా పోస్టులో తిరిగి తిరిగి తయారయ్యాయి.

జిమ్మీ తన ఇంట్లో కంప్యూటరు, కీబోర్డుల మీద సంగీతం కట్టి, డిస్కుకి ఎక్కించి, కవర్లో పెట్టి సియాటిల్‌కు పంపేవాడు. రెండు ఊళ్ల మధ్య రోడ్డు దారిన పద్దెనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. బెన్ ఆ కవరు విప్పి, విని, ఎక్కడ పల్లవి రావాలో ఎక్కడ చరణం నిలవాలో చూసుకుని, కొంత కత్తిరించి కొంత అతికించి, గిటారు చేర్చి, మాటలు రాసి, పాడి, మళ్లీ కవర్లో పెట్టి తిరుగు టపాలో పంపేవాడు. ఇద్దరూ అంతకు ముందు 2001లో ఒకే ఒక్క పాటకు కలిసి పనిచేశారు. అది జిమ్మీ ‘డింటెల్’ అన్న పేరుతో చేసిన ఆల్బమ్‌లో చేరింది. ఆ ఒక్క పాట బాగా కుదరడంతో ఇంకొన్ని చేద్దామనుకున్నారు. అంతకు మించి పెద్ద పథకమేమీ లేదు.

అప్పటి అమెరికా టపా పరిస్థితి తలుచుకుంటే ఈ పని నాకు ఇంకా ఇష్టంగా అనిపిస్తుంది. అక్కడి ఫస్ట్ క్లాస్ ఉత్తరాల సంఖ్య 2001లో ఏడాదికి పది వేల కోట్లు దాటి, అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టింది. అదే ఏడాది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎవరో ఆంత్రాక్స్ పొడి నింపిన కవర్లు పోస్టు చేశారు. అయిదుగురు చనిపోయారు, వాళ్లలో ఇద్దరు తపాలా ఉద్యోగులే. కవరు విప్పాలంటే జనం జంకిన రోజులవి. ఆ భయం ఇంకా పూర్తిగా పోకముందే ఈ ఇద్దరూ పాటలు పోస్టు చేసుకున్నారు.

నోటీసు కథ మంచిగానే ముగిసింది. పేరు వాడుకోవడానికి తపాలా శాఖ లైసెన్సు ఇచ్చింది. బదులుగా బ్యాండ్ ఉత్తరాల వాడకాన్ని నలుగురిలో ప్రచారం చేయాలి, 2004 నవంబరులో వాషింగ్టన్‌లో పోస్ట్‌మాస్టర్ జనరల్ జరిపే వార్షిక సమావేశంలో పాడాలి. సీడీని తన వెబ్‌సైట్‌లో అమ్మడానికి కూడా ఆ శాఖ ముందుకొచ్చింది. కోర్టు దాకా వెళ్లాల్సిన తగువును ఇలా తీర్చుకున్న ఆ అధికారులెవరో గానీ మంచి మనసున్నవాళ్లు. ఉత్తరం రాయడం మానేస్తున్న తరానికి తమ పని విలువ ఇంత బాగా చెప్పేవాళ్లు ఇంకెవరూ దొరకరని వాళ్లకు అర్థమైంది.

బాణీ ముందు, మాట తర్వాత అన్న పద్ధతి మన సినిమా కవులకు బాగా తెలిసినదే. దశాబ్దాలుగా వాళ్లు ట్యూనుకే రాస్తున్నారు. అయితే మద్రాసు రోజుల్లో కవీ సంగీత దర్శకుడూ ఎదురెదురుగా కూర్చునేవారు. హార్మోనియం మీద ఒక వరుస వాయించగానే ఈ మాట ఇక్కడ ఒదగదు, ఈ గురువు లఘువు కావాలి అనే బేరసారాలు అక్కడికక్కడే తేలిపోయేవి. సియాటిల్‌లో బెన్ గదిలో ఎదురుగా ఎవరూ లేరు. తన సొంత బ్యాండ్ డెత్ క్యాబ్ ఫర్ క్యూటీలో పాటకు మొదలూ చివరా తానే చూసుకునే అలవాటున్నవాడికి, ఇక్కడ ఇంకొకరి ఇంట్లో ఎవరూ చూడకుండా పుట్టిన సంగీతం కవర్లో వచ్చి చేతిలో పడింది. దాన్ని ముందు వినాలి. జిమ్మీ ఏమనుకుని ఈ చప్పుడు ఇక్కడ పెట్టాడో తానే పోల్చుకోవాలి. అడగడానికి మనిషి పక్కన లేడు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు గల్ఫ్ క్యాసెట్లు గుర్తొచ్చాయి. 1980లలో, 90లలో కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, కడప నుంచి, కోనసీమ నుంచి దుబాయికీ కువైట్‌కీ మస్కట్‌కీ వెళ్లినవాళ్లు ఖాళీ క్యాసెట్లో మాటలు నింపి, ఊరికొచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. చదువు రాని తల్లికి ఉత్తరం ఇంకొకరు చదివి పెట్టాలి. క్యాసెట్ అయితే కొడుకు గొంతే నేరుగా వినపడుతుంది. ఇంటిల్లిపాదీ టేప్ రికార్డరు చుట్టూ కూర్చునేవారు. మధ్యలో అందుకుని మాట్లాడటానికి వీల్లేదు. అవతలి మనిషి చెప్పదలుచుకున్నది పూర్తిగా చెప్పేదాకా ఆగాలి, నచ్చని మాటా వినాలి. జవాబు ఏం చెప్పాలో కొన్నాళ్లు మనసులో నలగాలి. తిరుగు క్యాసెట్ తీసుకెళ్లే మనిషి దొరకాలి. ఫోను చేతికొచ్చాక ఆ ఓపిక ఇళ్లల్లోంచి వెళ్లిపోయింది.

‘గివ్ అప్’లో నాకు వినపడేది ఆ ఓపికే. ఒకరు తమ పని చేసి, కవరు అంటించి, చేయి వదిలేశారు. ఇక అది అవతలివాడి ఇష్టం. వాడు కత్తిరించినా, తలకిందులు చేసినా, ఎవరూ అనుకోని చోట పల్లవి మొదలుపెట్టినా పంపినవాడికి తెలిసేది మళ్లీ కవరు వచ్చాకే. అంత నమ్మకం పెట్టుకుని చేసిన పనికి ఒక మర్యాద వస్తుంది. ఈ పాటల్లో యంత్రం గొంతును మింగదు, గొంతు యంత్రం మీదెక్కి తొక్కదు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని ఉంటే ఎవరో ఒకరిది పైచేయి అయి ఉండేదని నా అనుమానం.

‘సచ్ గ్రేట్ హైట్స్’ తీసుకోండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే మొదట్లో సన్నటి ఎలక్ట్రానిక్ చప్పుళ్లు ఎడమ చెవికీ కుడి చెవికీ మధ్య గెంతుతుంటాయి. కాసేపటికి డ్రమ్స్ వచ్చి కలుస్తాయి. వాటి మీద బెన్ గొంతు నెమ్మదిగా వాలుతుంది. పెద్దగా ఎగరని గొంతు అది, గమకాలు వేయదు, ప్రతి మాటనీ విడమరిచి పలుకుతుంది. ఇంత పరుగు పెట్టే సంగీతం మీద అంత తొందర లేని గొంతు ఎలా నిలబడిందా అని ఎన్నిసార్లు విన్నా ఆశ్చర్యమే. రెండూ రెండు ఊళ్లలో, రెండు వేర్వేరు మనఃస్థితుల్లో పుట్టాయి కాబట్టే ఆ పొత్తు కుదిరిందేమో.

పాటల్లోని కథలు కూడా ఎక్కువగా దూరం గురించే. ‘ద డిస్ట్రిక్ట్ స్లీప్స్ అలోన్ టునైట్’లో ఒకడు వాషింగ్టన్‌కు తరలిపోయిన పాత ప్రియురాలిని చూడటానికి వెళ్తాడు. ఆ ఊళ్లో తాను పరాయివాడినని అతనికి తెలిసొస్తుంది. ‘రీసైకిల్డ్ ఎయిర్’ విమానంలో కూర్చున్నవాడి పాట. ‘వి విల్ బికమ్ సిల్హౌట్స్’ అణుబాంబు పడ్డాక ఇంట్లో దాక్కున్నవాడిది. బాణీ మాత్రం పిల్లలు కూడా ఎగిరి పాడుకునేలా ఉంటుంది, ఆ వైరుధ్యమే దాని బలం. ‘నథింగ్ బెటర్’ యుగళగీతం. యుగళగీతమంటే మనకు ప్రేమ పండే సందర్భం. ఇక్కడ ప్రేమ అయిపోయింది. అబ్బాయి వెళ్లొద్దని బతిమాలుతుంటే, జెన్ వుడ్ అనే గాయని అమ్మాయి పక్షాన తాను ఎందుకు వెళ్తోందో ప్రశాంతంగా లెక్కచెప్తుంది. ఎవరిది తప్పో పాట తేల్చదు. ఈ ఆల్బమ్‌లో చాలా చోట్ల వెనక వినపడే ఇంకో ఆడగొంతు జెన్నీ లూయిస్‌ది. ఆమె లేకుంటే ఈ పాటలు మరీ ఒంటరి మగవాడి గోడుగా మిగిలేవి.

చివరి పాట ‘నేచురల్ ఆంథమ్’ నాకు నచ్చదు. చప్పుడు ఎక్కువ, పాట తక్కువ. దాని ముందున్న ‘బ్రాండ్ న్యూ కాలనీ’తో ఆల్బమ్ ముగిసి ఉంటే బాగుండేది.

ఎలక్ట్రానిక్ పాటలతో నిండిన ఈ ఆల్బమ్‌కు జానపద సంగీతంతో చుట్టరికం ‘సచ్ గ్రేట్ హైట్స్’ ద్వారానే వచ్చింది. ఆల్బమ్ కంటే ముందు, 2003 జనవరిలో ఆ పాటను సింగిల్‌గా విడుదల చేసినప్పుడు, అదే డిస్కులో అదే పాటను ఇంకొకరు కూడా పాడారు. ఆయన సామ్ బీమ్. అప్పటికి ఫ్లోరిడాలో సినిమాటోగ్రఫీ పాఠాలు చెప్తూ, ఇంట్లో పాటలు పాడి రికార్డు చేసుకునేవాడు. ఆ పాటలతోనే ‘ఐరన్ అండ్ వైన్’ పేరున 2002లో సబ్ పాప్ ఆయన తొలి ఆల్బమ్ తెచ్చింది. ‘సచ్ గ్రేట్ హైట్స్’ లోంచి ఆయన యంత్రాలన్నీ తీసేశాడు. ఒక గిటారు మిగిలింది. పక్క గదిలో పిల్లలు పడుకున్నప్పుడు పాడే గొంతుతో, అసలు వేగంలో ఎంతో తగ్గించి, అదే సాహిత్యం పాడాడు. ఇందులో ఉన్నది రైతు పాటో పల్లె పాటో కాదు, కంప్యూటరు మీద పుట్టిన బాణీయే. అయినా ఆయన పాడితే ఎవరి తాతగారి కాలం నుంచో వస్తున్న పాటలా వినపడుతుంది.

మన దగ్గర బతుకమ్మ పాట ఊరూరికీ మారుతుంది. ఒకే కథను ఒక ఊళ్లో ఒక వరుసలో పాడితే, వాగు దాటాక ఇంకో వరుసలో పాడతారు. ఏది అసలుది అని అక్కడ ఎవరూ అడగరు. రికార్డు అయిన పాటకు సాధారణంగా ఆ అదృష్టం ఉండదు, మొదట పాడినవాడిదే చివరిదాకా చెల్లుతుంది. ఈ పాటకు మాత్రం పుట్టినరోజునే రెండు రూపాలు దొరికాయి. 2004లో వచ్చిన ‘గార్డెన్ స్టేట్’ సినిమా పాటల సంకలనంలో సామ్ బీమ్ పాడినది చేరింది. ఆ సంకలనం గ్రామీ అందుకుంది. చాలామంది శ్రోతలు ముందు గిటారు పాట విని, ఆ తర్వాత వెనక్కి వెళ్లి యంత్రాల పాట విన్నారు. మరికొన్నేళ్లకు, 2007లో, యూపీఎస్ అనే ప్రైవేటు పార్సిల్ కంపెనీ తన టీవీ ప్రకటనలకు అసలు పాట సంగీతం వాడుకుంది. అలా ఈ పాట ప్రభుత్వ టపాకూ ప్రైవేటు పార్సిల్‌కూ కూడా పనికొచ్చింది.

ఆల్బమ్ పెద్ద హడావిడితో పైకి రాలేదు. చేతి నుంచి చేతికి, కాపీ చేసిన సీడీల మీద, ఒకరు ఇంకొకరికి వినిపించడం వల్ల నెమ్మదిగా పాకింది. పదేళ్లు తిరిగేసరికి అమెరికాలో పది లక్షల మార్కు దాటి ప్లాటినం అయింది. సబ్ పాప్ చరిత్రలో నిర్వాణ తొలి ఆల్బమ్ ‘బ్లీచ్’ తర్వాత ఎక్కువ అమ్ముడైంది ఇదే. అందుకని 2013 ఏప్రిల్‌లో పదేళ్ల పండుగకు కొత్త ముద్రణ వచ్చింది. పాత పది పాటలకు ఇంకో పదిహేను చేర్చారు. అదే ఏడాది జులైలో మన దేశంలో టెలిగ్రామ్ సేవ ఆగిపోయింది. రెండింటికీ సంబంధం లేదు. కానీ తపాలా ఆఫీసు కౌంటరు దగ్గర పెరిగిన నాలాంటి వాళ్ల మనసులో ఆ రెండు వార్తలూ పక్కపక్కనే ఉండిపోయాయి.

ఇలాంటి వార్షికోత్సవ ముద్రణల మీద నాకు మొదటి నుంచీ కొంత బెరుకు. పాతదాన్ని ప్రేమించేవాళ్ల దగ్గర మళ్లీ డబ్బు తీసుకోవడానికి ఇదొక సులువైన దారి కాగలదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. పదేళ్లలో చేయి తిరిగినవాడికి తన తొలి పని చూస్తే దిద్దాలనిపిస్తుంది. అప్పుడు ఆ గొంతు వణికింది, ఇప్పుడైతే సరిగా పాడేవాణ్ణి. అప్పుడు ఆ డ్రమ్ పల్చగా ఉంది, ఇప్పుడైతే దట్టంగా వేసేవాణ్ణి. శ్రోత ప్రేమించింది ఆ వణుకునే అని పాడినవాడికి తెలియకపోవచ్చు. ఆల్బమ్ జనంలోకి వెళ్లిపోయాక అది వాళ్ల ఇళ్లలో, వాళ్ల ప్రయాణాల్లో, వాళ్ల తెగతెంపుల్లో కలిసిపోయింది. దాన్ని వెనక్కి పిలిచి మార్చడం డబ్బాలో వేసిన ఉత్తరాన్ని వెనక్కి లాక్కోవడమే.

ఈ ముద్రణలో ఆ పని జరగలేదు. పాత పది పాటలూ పాత వరుసలోనే ముందు నిలబడ్డాయి. చేర్చినవి వాటి వెనక విడిగా కూర్చున్నాయి. వాటిలో సింగిల్స్‌తో పాటు వచ్చి చెల్లాచెదురైన పాటలున్నాయి. ఇతరులు చేసిన రీమిక్సులున్నాయి, అవి ఒకసారి విని వదిలేయవచ్చు. ఫిల్ కాలిన్స్ ‘అగైన్‌స్ట్ ఆల్ ఆడ్స్’, జాన్ లెనన్ ‘గ్రో ఓల్డ్ విత్ మీ’ పాటలను వీళ్లు పాడినవి ఉన్నాయి. లెనన్ పాట మీద వీళ్ల చేయి తేలిగ్గా పడింది, బాగుంది. రేడియోలో పాడిన ‘రీసైకిల్డ్ ఎయిర్’ ఉంది. సామ్ బీమ్ గిటారు పాట ఉంది, ‘ద షిన్స్’ బ్యాండ్ పాడిన ‘వి విల్ బికమ్ సిల్హౌట్స్’ ఉంది. ఇంతకు ముందు ఎక్కడా రానివి రెండే పాటలు: ‘టర్న్ అరౌండ్’, ‘ఎ టాటర్డ్ లైన్ ఆఫ్ స్ట్రింగ్’. రెండూ వినసొంపుగానే ఉంటాయి. కానీ వాటిని విన్నాక, రెండో ఆల్బమ్ చేసి ఉంటే అది ఒక మంచి ఆల్బమ్ మాత్రమే అయ్యేదని నాకు అర్థమైంది.

రెండో ఆల్బమ్ కోసం జనం ఎదురుచూడని ఏడాది లేదు. బెన్‌కు తన బ్యాండ్ ఉంది. ‘గివ్ అప్’ వచ్చిన ఏడాది అక్టోబరులోనే డెత్ క్యాబ్ ‘ట్రాన్స్‌అట్లాంటిసిజమ్’ తెచ్చింది, మరుసటి ఏడాది అట్లాంటిక్ అనే పెద్ద కంపెనీకి మారింది. జిమ్మీకి తన పనులున్నాయి. డబ్బుకూ పేరుకూ రెండో ఆల్బమ్ ఖాయమైన దారి అని ఇద్దరికీ తెలుసు. అయినా బలవంతంగా పూర్తి చేయలేదు. 2013లో కచేరీలు చేసి, ఆగస్టులో షికాగోలో ఆపేశారు. ఇక కొత్త పాటలు ఉండవని బెన్ స్పష్టంగానే చెప్పాడు. చేతిలో గెలుపు ఉన్నవాడు చేయి ఆపుకోవడం చిన్న విషయం కాదు. మన పరిశ్రమలో రెండో భాగాలు ఎన్ని వస్తున్నాయో చూస్తున్నవాళ్లకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

2023లో ఇరవై ఏళ్లయ్యాక మళ్లీ వేదికెక్కారు. ఒకే ఏడాది పుట్టిన ‘గివ్ అప్’నీ ‘ట్రాన్స్‌అట్లాంటిసిజమ్’నీ ఒకే రాత్రి మొదటి పాట నుంచి చివరి పాట దాకా పాడారు. డెత్ క్యాబ్ వంతుకు నల్లబట్టలు, పోస్టల్ సర్వీస్ వంతుకు తెల్లబట్టలు. రెండింటిలోనూ పాడాల్సింది బెన్ గిబ్బర్డే. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ లాంటి చోట వేలమంది, ఒకప్పుడు ఒంటరిగా హెడ్‌ఫోన్స్‌లో విన్న పాటను గొంతెత్తి పాడారు. మనకిది తెలిసిన సంతోషమే. 2022 ఆగస్టులో ‘పోకిరి’ని మళ్లీ థియేటర్లలో వేసినప్పుడు జనం చూడటానికి వెళ్లింది తమకు నోటికొచ్చిన సినిమానే. ప్రతి డైలాగూ తెర కంటే ముందే హాలు చెప్పేసింది. ఏమీ మారకూడదు, అంతా అలాగే ఉండాలి, అందరం కలిసి ఉండాలి అన్నదే అక్కడి కోరిక.

ఇప్పుడు రెండు ఊళ్లలో ఉండి పాట చేయడం వింతేమీ కాదు. హైదరాబాదులో కట్టిన ట్రాక్ నిమిషంలో చెన్నైకి చేరుతుంది, గాయని ముంబయిలో పాడి సాయంత్రానికి తిప్పి పంపుతుంది. పద్ధతి అదే, మధ్యలో నిరీక్షణ మాత్రం పోయింది. పంపిన పది నిమిషాలకే ఇక్కడ కొంచెం మార్చండి అని మెసేజ్ వస్తుంది, మళ్లీ ఇంకోటి వస్తుంది. అవతలివాడు పూర్తిగా వినకముందే సవరణలు మొదలవుతాయి. మన సంగీత దర్శకుల్లో కొత్తగా వస్తున్నవాళ్లకు నాదొక విన్నపం: ఒక్క పాటకైనా సరే, ట్రాక్ పంపాక వారం రోజులు ఫోను చేయకండి. అవతలి మనిషి దానితో ఏం చేస్తాడో చూడండి.

ఇక వినేవాళ్లకు: పదేళ్ల ముద్రణ దొరికితే ఇరవై అయిదు పాటలూ ఒకే ఊపులో వినకండి. మొదటి పది వరుసగా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ముప్పావుగంట కేటాయించి వినండి. అక్కడ ఆపండి. మిగతావి వేరే రోజుకు ఉంచుకోండి, వాటిలో ముందుగా వినాల్సింది ఐరన్ అండ్ వైన్ పాడిన ‘సచ్ గ్రేట్ హైట్స్’.